"కాస్త చూసుకోండి మేడమ్" అంటే ఎవరూ ఏమీ చూసుకోరు: ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల కోసం స్కూల్లో ఏం అడగాలి, ఎలా అడగాలి

మావాడు నాలుగో క్లాసులో ఉండగా ఒక లెక్కల పేపరు ఇంటికొచ్చింది. ఇరవైకి తొమ్మిది. చేసిన లెక్కలన్నీ కరెక్టే, ఒక్క తప్పు లేదు, తిప్పి చూస్తే వెనకవైపు మాత్రం పెన్సిలు గీత కూడా లేదు. "వెనక కూడా ఉన్నాయా అమ్మా?" అన్నాడు, వాడికి నిజంగా అప్పుడే తెలిసింది. కింద ఎర్ర ఇంకుతో 'కేర్‌లెస్' అని రాసి రెండు గీతలు కొట్టి ఉంది.

మావాడికి ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవకపోవడం, ఒక చోట కుదురుగా ఉండలేకపోవడం. ఆ పేపరు ఇంకా బీరువాలో దాచాను. ఆ రోజు వాడికి కావలసింది ట్యూషనూ కాదు, తిట్లూ కాదు, "పేజీ తిప్పు" అని ఒక్కసారి చెప్పే మనిషి. స్కూల్లో అకామడేషన్ అన్న పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం ఇంతే, పిల్లాడు ఎక్కడ తట్టుకుని పడుతున్నాడో సరిగ్గా అక్కడ ఒక చిన్న ఏర్పాటు. సిలబస్ తగ్గించమనడం కాదు, మార్కులు దానం అడగడం కాదు.

ఇది తెలియక మొదటి ఏడాదంతా నేను పేరెంట్ టీచర్ మీటింగులకు వెళ్ళి, "మావాడికి ఏడీహెచ్‌డీ ఉందండీ, కాస్త చూసుకోండి మేడమ్" అని దణ్ణం పెట్టినంత పని చేసి వచ్చేదాన్ని. ఆవిడ కూడా పాపం "తప్పకుండా అండీ" అనేది. క్లాసులో నలభై రెండు మంది. ఏం చూసుకోవాలో, ఏ పీరియడ్‌లో చూసుకోవాలో నేను చెప్పలేదు, ఆవిడ చూసుకోలేదు. తప్పు ఎక్కువ నాదే. జాలి అడిగితే జాలే దొరుకుతుంది, పని అడగాలి. ఏ పని, ఎవరు, ఎప్పుడు.

మేము ఉండేది బెంగళూరులో మారతహళ్ళి వైపు, ఊరు అనంతపురం. మా అపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు ముగ్గురు తెలుగు అమ్మలు "రిపోర్టు వచ్చింది, ఇప్పుడు స్కూలుకెళ్ళి ఏం చెప్పాలి" అని అడిగారు. లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పే విషయం కాదు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నా.

ముందు రిపోర్టు

"మగపిల్లాడు, అల్లరి చెయ్యక ఏం చేస్తాడు, వాళ్ళ నాన్న కూడా ఇంతే, ఒక చోట కాలు నిలిచేది కాదు, ఇంజినీరు కాలేదా" అని మా అత్తగారు రోజూ ఫోన్లో. ఈ మాట డాక్టరమ్మకు చెబితే నవ్వి, ఫైల్లో రాసుకుంది. ఎందుకంటే ఇది కుటుంబాల్లో బాగా వచ్చే విషయమే, మా అత్తయ్య కొట్టిపారేద్దామని చెప్పింది కాస్తా కేసు హిస్టరీ అయిపోయింది.

స్కానుతోనో రక్తపరీక్షతోనో తేలేది కాదు ఇది. పన్నెండేళ్ళ లోపే లక్షణాలు మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలు ఉండాలి, ఒక్క ఇంట్లోనో ఒక్క స్కూల్లోనో కాకుండా రెండు చోట్లయినా కనపడాలి. అందుకే టీచరుకు కూడా ఒక ప్రశ్నల ఫారం ఇస్తారు, వాండర్‌బిల్ట్ అనో కానర్స్ అనో పేర్లు వింటారు. ఆ ఫారం ఇచ్చేటప్పుడు "ఇది మీ మీద కంప్లైంట్ కాదు మేడమ్, వాడు క్లాసులో ఎలా ఉంటాడో మీకే బాగా తెలుసు" అని ఒక మాట అనండి. లేకపోతే భయపడి అన్నిటికీ 'అప్పుడప్పుడు' అని టిక్ పెట్టేస్తారు, దానితో ఎవరికీ ఉపయోగం లేదు.

బెంగళూరులో అయితే హోసూర్ రోడ్డులోని నిమ్హాన్స్‌లో పిల్లల సైకియాట్రీ విభాగం ఉంది, ఒక రోజు సెలవు పెట్టుకుని వెళ్ళండి. ప్రైవేటుగా చూపిస్తే చైల్డ్ సైకియాట్రిస్టు, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్, లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టు. రిజిస్ట్రేషన్ నంబరు రిపోర్టు మీద ఉందో లేదో చూసుకోండి, తర్వాత బోర్డు పరీక్షలప్పుడు ఆ కాగితాన్నే తిరగేస్తారు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. మీ అమ్మాయి కుర్చీలోంచి లేవకపోవచ్చు, ఎవరినీ గిల్లకపోవచ్చు, టీచరు "బంగారుతల్లి, కాస్త పరధ్యానం అంతే" అంటూ ఉండొచ్చు. అల్లరి లేకుండా ఏకాగ్రత ఒక్కటే నిలవని రకం కూడా ఉంది, వాళ్ళ గురించి ఎవరూ కంప్లైంట్ చెయ్యరు కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది.

రిపోర్టు చేతికొచ్చాక డాక్టరు గదిలోంచి లేవకముందే ఒకటి అడగండి: "స్కూలుకు ఇవ్వడానికి విడిగా ఒక పేజీ రాసివ్వండి, ఏ ఏర్పాట్లు కావాలో." మొత్తం రిపోర్టు స్కూలుకు ఇవ్వాల్సిన పని లేదు. అందులో ఐక్యూ అంకెలు, ఇంటి గొడవలు, పుట్టినప్పటి కథ అన్నీ ఉంటాయి, అవి స్టాఫ్‌రూమ్‌లో చేతులు మారకూడదు. నేను మొదట మొత్తం పద్నాలుగు పేజీలూ జిరాక్స్ తీసి ఇచ్చేశాను. మ్యూజిక్ సారు కూడా ఒకరోజు నన్ను ఆపి ఓదార్చాడు.

రెండు వారాలు మీరు గూఢచారి

స్కూలుకు వెళ్ళేముందు రెండు వారాలు ఒక పాత నోటుబుక్కులో రాసుకోండి, వాడు ఏ రోజు ఏం పోగొట్టాడు, ఏది సగం రాశాడు, ఏ సబ్జెక్టు పేరు చెబితే మొహం మాడింది. 'శ్రద్ధ లేదు' అని రాయొద్దు, 'డైరీలో హోంవర్కు సగం ఉంది' అని రాయండి.

మా నోటుబుక్కులో డైరీ సమస్య పదిరోజుల్లో ఎనిమిది రోజులు కనపడింది. సంగతేంటా అని ఒకరోజు మధ్యాహ్నం వాడిని నేనే పికప్ చేసుకుంటానని వెళ్ళి వరండాలో నిలబడ్డాను. చివరి పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో టీచరు బోర్డు మీద హోంవర్కు రాస్తోంది. అదే టైముకి ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి బస్సు రూటు నంబర్లు పిలుస్తోంది, సగం మంది బ్యాగులు సర్దుతున్నారు, ఫ్యాన్ల హోరు, జిప్పుల చప్పుడు. మావాడు ఒక లైను రాశాడు, రూటు నంబరు వినపడి తల తిప్పాడు, మళ్ళీ బోర్డు చూశాడు, ఎక్కడిదాకా రాశాడో మర్చిపోయాడు, పక్కవాడి టిఫిన్ డబ్బా కింద పడితే తీసిచ్చాడు, అప్పటికే ఆయమ్మ వాడి నంబరు పిలిచేసింది. సంవత్సరం పాటు "డైరీ ఎందుకు రాయవురా" అని నేను అరిచింది ఈ ఐదు నిమిషాల గురించి.

హోంవర్కు లంచ్‌కి ముందే బోర్డు మీద రాయమని అడిగాను. అంతే. ఆ ఏర్పాటు వల్ల క్లాసులో ఇంకో పదిమందికి కూడా డైరీ పూర్తిగా రావడం మొదలైంది, టీచరు తనే చెప్పింది.

ఎవరిని కలవాలి, ఏం రాయాలి

ముందు క్లాస్ టీచరు, ఆవిడతో పాటే కౌన్సెలరో స్పెషల్ ఎడ్యుకేటరో (ఇలాంటి పిల్లల చదువు కోసమే ఉండే టీచరు). సీబీఎస్‌ఈ స్కూళ్ళలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని అఫిలియేషన్ నిబంధనల్లోనే ఉంది, కాబట్టి "మీకు ఉన్నారా" అని అడక్కుండా "మీ స్పెషల్ ఎడ్యుకేటర్‌ని ఎప్పుడు కలవచ్చు" అని అడగండి. తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళితే టీచరుకు కోపం వస్తుంది, రోజూ ఆరు గంటలు పిల్లాడు ఉండేది ఆ టీచరు దగ్గరే. మీటింగు రోజు గుంపులో, వెనక క్యూలో ఇంకో పదిమంది అమ్మానాన్నలు చెవులు రిక్కించి ఉండగా ఈ మాటలు జరగవు. విడిగా అరగంట అడగండి. వీలైతే నాన్న కూడా రావాలి. న్యాయమో అన్యాయమో, ఇద్దరూ వస్తే స్కూలు వాళ్ళు కుర్చీలు వేస్తారు.

మాట్లాడి వచ్చిన రోజు సాయంత్రమే మెయిల్ పెట్టండి. ఇంగ్లీషులోనే రాస్తారు కదా, సారాంశం మాత్రం ఇలా ఉండాలి: "ఇవాళ సమయం ఇచ్చినందుకు థాంక్స్. మనం అనుకున్నవి నాలుగు. ఒకటి, వాడిని రెండో వరుసలో గోడవైపు కూర్చోబెట్టడం, రేపటి నుంచి. రెండు, హోంవర్కు లంచ్‌కి ముందు బోర్డు మీద రాయడం, క్లాస్ టీచర్. మూడు, యూనిట్ టెస్టుల్లో వాడు పేపరు ఇచ్చేముందు అన్ని పేజీలూ రాశాడా అని ఒకసారి చూడటం, ఇన్విజిలేటర్. నాలుగు, గేమ్స్ పీరియడ్ ఆపకపోవడం, అందరు టీచర్లూ. ఆరు వారాల తర్వాత మళ్ళీ కలిసి ఏది పనిచేసిందో చూద్దాం." ఇంతకు మించి రాయొద్దు. పదిహేను అడిగితే ఒక్కటీ జరగదు.

ఏమేం అడగొచ్చు

సీటు. అందరూ మొదటి వరుస అంటారు. మావాడికి మొదటి వరుస పనికిరాలేదు, వెనక ఏ చిన్న చప్పుడైనా మొత్తం ఒళ్ళు తిప్పి చూసేవాడు. రెండో వరుసలో, గోడ పక్కన, తలుపుకీ కిటికీకీ దూరంగా, నెమ్మదస్తురాలైన ఒక అమ్మాయి పక్కన బాగా కుదిరాడు. మీవాడికి ఇంకెక్కడో కుదరొచ్చు, రెండు వారాలు పెట్టి చూసి మార్చమనండి. ఒక్కటి మాత్రం ఒప్పుకోవద్దు, మూలన ఒంటరి బెంచీ. అది శిక్షే.

చెప్పే పద్ధతి. "పుస్తకం తీసి, 42వ పేజీ తెరిచి, మూడో లెక్క రఫ్ బుక్కులో చేసి, అయ్యాక చెయ్యెత్తండి" అంటే మావాడికి పుస్తకం తీయడం దాకానే గుర్తుంటుంది. ఒక్కో మాటా విడిగా చెప్పి, "ఏం చెయ్యాలి, చెప్పు" అని వాడితో అనిపించమనండి. టీచరుకు ఐదు సెకన్ల పని.

కదలడం. వీళ్ళకి కదలడం అల్లరి కాదు, అవసరం. రిజిస్టరు ఆఫీసులో ఇచ్చి రావడం, బోర్డు తుడవడం, నోటుబుక్కులు పంచడం లాంటి పనులు వీడికే పెట్టమనండి, పీరియడ్ మధ్యలో ఒకసారి లేచి తిరిగితే మిగతా ఇరవై నిమిషాలు కూర్చుంటాడు. అసలు చెయ్యకూడని పని, మన స్కూళ్ళలో అందరూ చేసేదీ ఒకటుంది, నోట్సు పూర్తి కాలేదని పీటీ పీరియడ్ ఆపేసి క్లాసులో కూర్చోబెట్టడం. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మూత పెట్టినట్టు ఉంటుంది. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగానే మాట్లాడాను.

రాత పని. ఒకే రకం లెక్కలు ఇరవై ఇస్తే ఎనిమిది చాలని అడగండి, తేలికవి కాదు, అన్ని రకాలూ ఉండేలా ఎనిమిది. సైన్సు నోట్సు బోర్డు మీద నుంచి ఎక్కించడం కష్టమైతే ఫోటోనో జిరాక్సో ఇవ్వమనండి. కన్నడ సంగతి ఇక్కడే చెప్పాలి, 2015 నాటి చట్టం వల్ల కర్ణాటక స్కూళ్ళలో కన్నడ తప్పదు, దాంతో మన తెలుగు పిల్లలకు ఇంట్లో మాట్లాడే భాష కాక ఇంగ్లీషు, హిందీ, కన్నడ మూడు లిపులు. చూచిరాత పేజీలు సగం చేసి, మిగతాది నోటితో చెప్పించుకోమని అడిగాం, ఒప్పుకున్నారు. లిపి దగ్గరగా ఉంటుంది కాబట్టి సెలవుల్లో వచ్చినప్పుడు మా అత్తగారు కన్నడ వాచకం కూడబలుక్కుని చదివేస్తారు, వాడికి కన్నడ టీచర్ ఆవిడే.

గుర్తు. పేరు పెట్టి "నిన్నే, ఎక్కడ చూస్తున్నావ్" అని రోజుకి పదిసార్లు నలుగురిలో అంటే మిగతా పిల్లలు కూడా అదే పాట అందుకుంటారు. టీచరు పక్కనుంచి వెళుతూ బెంచీ మీద వేలితో రెండుసార్లు తట్టడం అనేది వాళ్ళిద్దరి మధ్య రహస్యం. మావాడికి ఇది తెగ నచ్చింది, ఏదో సీఐడీలా ఫీలయ్యేవాడు.

రోజువారీ కార్డు. చిన్న చీటీ, మూడే మూడు విషయాలు, డైరీ పూర్తిగా రాశాడా, క్లాస్‌వర్కు మొదలుపెట్టాడా, చెయ్యెత్తి మాట్లాడాడా. టీచరు అవును, కాదు అని టిక్ పెట్టాలి, ఇంట్లో ఆ సాయంత్రమే ఏదో చిన్న బహుమానం, పావుగంట ఎక్కువ సైకిలు లాంటిది. ఏడీహెచ్‌డీ పిల్లల మీద బాగా పరీక్షించి చూసిన పద్ధతుల్లో ఇదొకటి. "ఏడాది చివర ఫస్ట్ వస్తే సైకిలు కొంటా" అనేది వీళ్ళ దగ్గర పనిచెయ్యదు, వీళ్ళకి ఏడాది చివర అనేది లేదు, ఇవాళ ఒక్కటే ఉంది. మొదటి వారం మూడిట్లో రెండైనా వచ్చేంత తేలికగా పెట్టండి.

పరీక్షలు

అందరూ ముందు అడిగేది ఎక్స్‌ట్రా టైమ్. చేతిరాత నెమ్మదైతే, చదవడం నెమ్మదైతే అది నిజంగా అవసరం. కానీ మావాడిలా ఇరవై నిమిషాలు రాసి ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టే పిల్లాడికి ఇంకో అరగంట ఇస్తే ఇంకో అరగంట ఫ్యాను చూస్తాడు. వాడికి కావలసింది జనం తక్కువున్న గది, రెండు భాగాలుగా చేసి ఇచ్చిన పేపరు, మధ్యలో రెండు నిమిషాలు లేచి నీళ్ళు తాగి రావడం, చివర్లో "పేజీ తిప్పావా" అనే మనిషి. నాలుగో క్లాసు పేపరు తీసుకెళ్ళి కోఆర్డినేటర్ ముందు పెట్టాను, ముందువైపు, వెనకవైపు. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

మందులు వాడుతుంటే స్కూలుకు చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం. మేము చెప్పాం, ఎందుకంటే వాడు వేసుకునే ఏడీహెచ్‌డీ మందు మిథైల్‌ఫెనిడేట్‌లో తక్కువసేపు పనిచేసే రకం నాలుగు గంటలే ఉంటుంది, పొద్దున ఏడింటికి వేసుకుని బస్సెక్కితే గంట సేపు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోనే పోతుంది, పదకొండు దాటాక తేడా టీచరుకు కనపడుతుంది. "మధ్యాహ్నం వాడు మారిపోతున్నాడు" అని టీచరు రాసిన చీటీ చూసే డాక్టరు టైమింగ్ మార్చింది. మోతాదూ టైమూ మీరుగా మార్చొద్దు. వాడు మాట వినని రోజు "ఇవాళ మాత్ర వేసుకోలేదా" అని నలుగురిలో అనొద్దని మాత్రం స్కూల్లో ముందే చెప్పండి.

చట్టం గురించి, బోర్డు పరీక్షల గురించి

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, గుర్తింపు ఉన్న స్కూళ్ళు ప్రతి పిల్లాడి అవసరానికి తగ్గ ఏర్పాట్లు చేసేలా ప్రభుత్వాలు చూడాలంటుంది. ఆ చట్టం జాబితాలో 21 రకాల వైకల్యాలున్నాయి, అందులో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ (చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ప్రత్యేకమైన ఇబ్బంది) ఉంది, ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది కూడా ఉంటుంది, అందుకే పరీక్ష చేయించేటప్పుడే రెండూ చూడమని అడగండి. పైకి ఏడీహెచ్‌డీ కనపడి, కింద డిస్లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బంది, దాక్కుని, తొమ్మిదో క్లాసుకు గానీ బయటపడని పిల్లలు ఉంటారు.

వైకల్య సర్టిఫికెట్ ఉండి బోర్డు అనుమతి ఇస్తే సీబీఎస్‌ఈలో గంటకు 20 నిమిషాల చొప్పున, మూడు గంటల పేపరుకు గంట అదనంగా వస్తుంది. రెండు భాషల బదులు ఒక్క భాష తీసుకునే వీలూ ఉంది. దరఖాస్తు స్కూలు ద్వారానే వెళ్ళాలి, కాబట్టి ఎనిమిదిలోనే కదలిక మొదలుపెట్టండి, పదో క్లాసు ప్రీబోర్డ్స్ అప్పుడు పరిగెత్తితే అందదు. స్కూల్లో ఏళ్ళ తరబడి ఇచ్చిన ఏర్పాట్ల మెయిళ్ళు అప్పుడు పనికొస్తాయి. మామూలు స్కూలు అసలు పడట్లేదంటే ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు బోర్డు ఉంది, ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టూ విడిగా రాసుకోవచ్చు. ఓడిపోయినవాళ్ళ దారి అని మన చుట్టాలు అంటారు, అననివ్వండి.

చట్టం తెలుసుకోండి గానీ మొదటి మీటింగులోనే బల్ల మీద పెట్టకండి. రెండు మెయిళ్ళకు జవాబు రానప్పుడు, మూడో మెయిల్లో ఒక్క లైను చాలు. కొట్టడం, అవమానించడం మాత్రం వేరే సంగతి, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది, అక్కడ ఆరు వారాలు ఆగే పని లేదు. "వేరే స్కూలు చూసుకుంటే మంచిదేమో" అని నోటిమాటగా అంటే, "అదే మాట రాసివ్వండి" అనండి. మాతో ఒకాయన అలాగే అన్నాడు. రాసివ్వలేదు.

జూన్

క్లాసు మారగానే కొత్త టీచరు, అంతా మళ్ళీ మొదటికొస్తుంది. పాత టీచరు చెప్పి ఉంటుందిలే అనుకోకండి. స్కూలు తెరిచిన మొదటి వారంలోనే ఒక్క పేజీ కాగితం ఇవ్వండి, పైన మూడు లైన్లు వాడికి ఏం బాగా వచ్చో (మావాడు మ్యాపులు చూడకుండా గీస్తాడు, చిన్నపిల్లల్ని బాగా చూసుకుంటాడు), కింద పనిచేసిన నాలుగు ఏర్పాట్లు, ఆ కింద మీ ఫోన్ నంబరు. బస్సులో ఉండే ఆంటీకి కూడా ఒక మాట చెప్పండి, గంట ప్రయాణంలో డ్రైవరు వెనక సీటు ఇస్తే సగం గొడవలు తగ్గుతాయి. పైన తేదీ, క్లాసు మార్చడం మాత్రం మర్చిపోకండి, పోయిన జూన్‌లో నేను ఐదో క్లాసు కాగితం తీసుకెళ్ళి ఆరో క్లాసు టీచరుకు ఇచ్చాను, ఆవిడ ఆ అంకె చూసి, నన్ను చూసి, "వాళ్ళ నాన్నగారి పోలిక అన్నారు కదా" అంది.